దాలమ్మ కథకి ఊఁ కొట్టినవాళ్ళం

మా గెడ్డవలసలో దాలమ్మ ఎవరని అడిగితే ఎండుచేపల మనిషి అంటారు. ఇంకాస్త గుచ్చి అడిగితే కథల మనిషి అంటారు. అంతకు మించి చెప్పలేరు. పక్కింటివాడి ఆవు ఎన్నో చూలు మీద ఉందో తడుముకోకుండా చెప్పే మా ఊరివాళ్ళకి, పెళ్ళయిన నాటి నుంచి తమ గుమ్మాల్లోకి చేపలు మోసిన మనిషి ఇంటిపేరు తెలీదు. నాకూ తెలీదు. అందుకే ఇది రాస్తూంటే ముందు నా మీదే నాకు ఒళ్ళు మండుతోంది.

దాలమ్మది దిబ్బలపేట. విజయనగరం జిల్లాలో, సముద్రపొడ్డున, సరుగుడు తోటల అవతల ఉన్న జాలరిపేట. మొగుడు గుజరాత్ బోట్ల మీద పనికి పోతాడు, వానాకాలంలో చుట్టంలా నాలుగు రోజులు ఇంట్లో కనిపిస్తాడు. పిల్లల్ని అత్తగారి మీద వదిలి ఈవిడ గంప ఎత్తుకునేది. మొదట్లో కాలినడకన, తర్వాత బస్సులో. బస్సు కండక్టరు గంపని టాపు మీద పెట్టమనేవాడు, మనిషిని వెనక సీట్లోకి పొమ్మనేవాడు. ఆటోలొచ్చాక ఆటోవాడు అగరొత్తి వెలిగించి గాని ఎక్కించుకునేవాడు కాదు. ఇవన్నీ దాలమ్మే చెప్పేది, నవ్వుతూ. ఆ నవ్వు చూసి మాకూ నవ్వొచ్చేది.

మా అత్త జగ్గమ్మకి దాలమ్మ తెచ్చే చేపలంటే ప్రాణం. ఎండు కానాగంతలు వంకాయలో వేసి వండితే ఇంట్లో మగవాళ్ళ కంటే ముందు ఆవిడే కంచం ముందు కూర్చునేది. కాని దాలమ్మ కూర్చునే చోటు మాత్రం అరుగు కింద నల్లరాయి. అరుగు పక్క గూట్లో ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది, అడుగున సొట్ట పడింది. దాన్ని ఇంకెవరూ ముట్టరు. దాహమేస్తే దాలమ్మే తీసుకోవాలి, మా అత్త పైనుంచి నీళ్ళు పోయాలి, తాగి కడిగి దాలమ్మే మళ్ళీ బోర్లించాలి. నేను కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో తెలియక ఇంటి గ్లాసులో నీళ్ళిచ్చాను. మా అత్త నోరు తెరిచేలోపే దాలమ్మ వద్దంది.

"నాకొద్దు తల్లీ, నా గలాసు నాకున్నాది," అని గూట్లో చెయ్యి పెట్టింది. ఎవరు నేర్పితే నేర్చుకుందో గాని, మా కంటే ఆవిడే ఆ కట్టుబాటును గట్టిగా పాటించేది.

చేపలిచ్చి బదులుగా గింజలు కొలిపించుకున్నాక కథ మొదలయ్యేది. వీధిలో పిల్లలంతా చుట్టూ చేరేవారు. మా అత్త అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. దాలమ్మ కథకి ఒకటే షరతు. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. రెండు మాటలు చెప్పి ఆగుతుంది, ఊఁ రాకపోతే గంప సర్దుకుంటుంది.

"ఊఁ నేకపోతే కత సచ్చిపోతాదర్రా," అనేది. "సచ్చిపోయిన కత నానెక్కడ మొయ్యగల్ను? సేపలే బరువు నాకు."

అందరికంటే గట్టిగా ఊఁ కొట్టేది నా కూతురు చిన్నతల్లి. అప్పటికి ఒకటో తరగతి. నిద్రలో కూడా ఊఁ కొట్టేది. పక్కలో పడుకుని నేను ఏదో గొణుక్కుంటే, కథనుకుని ఊఁ అనేది.

ఆ కథ ఎక్కడా విన్నది కాదు, దాలమ్మ సొంతం. ఏడు కెరటాల అవతల ఉప్పుదీవి. దాని మధ్యలో పెద్ద గట్టు. గట్టుకి ఒక పక్క మట్టోళ్ళు. వాళ్ళ ఒళ్ళు మట్టి, చినుకు పడితే వేళ్ళ కొసల్లో మొలకలొస్తాయి, నీళ్ళలో ఎక్కువసేపుంటే కరిగిపోతారు. రెండో పక్క పొలుసోళ్ళు. వాళ్ళ ఒంటినిండా పొలుసులు, కళ్ళలో నీళ్ళు రావు, గొంతులుండవు. వాళ్ళ రాణి నాచురాణి. సముద్రం పొంగిన రోజున పొలుసోళ్ళు గట్టు దాటి వస్తారు, మట్టోళ్ళ పిల్లల్ని ఎత్తుకుపోతారు. గొంతులు లేవు గనక అమ్మ గొంతు, నాన్న గొంతు దొంగిలించి పిలుస్తారు. పలికావా, అయిపోయావు. మట్టోళ్ళ రాజు గట్టురాజు ఊరంతా చాటింపు వేయించాడు: సముద్రం పొంగితే పిల్లలు దాక్కోవాలి, దాక్కున్న చోటు కన్నతల్లికి కూడా చెప్పకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు.

నేను వంటింట్లోంచి సగం సగం వినేదాన్ని. పిల్లలు భయంతో ఒకరికొకరు అతుక్కుపోయి ఊఁ అంటూంటే ముచ్చటేసేది. మట్టోళ్ళు మేమేనని ఎవరూ చెప్పలేదు. ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. ఒకరోజు మా అత్త అననే అంది.

"మీ పేటోళ్ళనాగే ఉన్నారే ఆ పొలుసోళ్ళు. కంపు కూడా కొడతారేటి?"

అరుగంతా ఘొల్లుమంది. నాకు చివుక్కుమంది, చేతిలో గరిటె పట్టుకుని బయటికొచ్చాను, అత్తతో దెబ్బలాడ్డానికే. వచ్చేసరికి అందరికంటే ఎక్కువగా నవ్వుతున్నది దాలమ్మ. "కొట్టరేటమ్మా, మా కంటే ఎక్కువే!" అంటోంది.  గరిటె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను.

రెండువేల పధ్నాలుగు అక్టోబరులో హుదూద్ తుఫాను వచ్చింది. ముందురోజే ఖాళీ చెయ్యమన్నారట గాని, వలలు, పడవలు వదిలి ఎవరొస్తారు? ఆదివారం తెల్లారి సముద్రం పేటలోకి దూరడం మొదలెట్టాక కదిలారు. ఏడూ ఎనిమిది గంటల వేళ దిబ్బలపేట జనం ట్రాక్టర్ల మీద మా ఊరి బడికొచ్చారు. తడిసి ముద్దయిన మనుషులు, భుజాల మీద వలలు, చంకల్లో పిల్లలు. వస్తున్నారని కబురందగానే ఊరివాళ్ళం అన్నం, పప్పు వండి గంగాళాల్లో బడికి మోసుకెళ్ళాం. ఆ మాట దాచను. మా ఊరివాళ్ళు ఆకలన్నవాడికి పెట్టనివాళ్ళు కారు.

చిన్నతల్లి నా కొంగు పట్టుకునే వచ్చింది. ట్రాక్టర్ల మీంచి దిగుతున్నవాళ్ళని కళ్ళింత చేసుకుని చూసింది. "అమ్మా, వచ్చేసినారు," అంది. "అవునమ్మా, వచ్చేశారు," అన్నాను, గంగాళం దింపుకుంటూ. అంతే. తిరిగి చూసేసరికి కొంగు దగ్గర పిల్ల లేదు. ఇంటికెళ్ళి ఉంటుందిలే అనుకున్నాను.

అన్నం వడ్డిస్తూంటే పేట పిల్లలు విస్తరి ముట్టలేదు. ఆకలికి పెదాలు ఎండిపోయి ఉన్నాయి, చేతులు మాత్రం వెనక్కి పెట్టుకున్నారు. ఒక బుడ్డదాన్ని బుజ్జగించి ముద్ద నోటికందించబోయాను. అది మొహం తిప్పుకుంది.

"మట్టోళ్ళ కూడు నాకొద్దు. తింటే కాళ్ళు మట్టయిపోతాయి. కుండలు సేసేస్తారు."

నేను ఉలిక్కిపడ్డాను. మట్టోళ్ళ మాట దీనికెలా తెలుసు? తెలిసినా, మట్టోళ్ళు మంచివాళ్ళు కదా! తలెత్తి చూస్తే గోడవార దాలమ్మ నిలబడి ఉంది. మొహంలో నెత్తురుచుక్క లేదు. నన్ను చూసి తల దించేసుకుంది. ఏమిటిదని అడగబోయాను, ఇంతలో మా ఆయన నరసింగరావు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"చిన్నతల్లి నీకాడున్నాదేటే? ఇంటికాడ నేదు."

 ఊరంతా కదిలింది. వీధులు, పెరళ్ళు, గడ్డిమేట్లు, రామకోవెల వెనక సందు. గాలి పెరుగుతోంది. ఉండి ఉండి ఒక్క ఊపు కొడుతోంది, పెంకులు లేచి పడుతున్నాయి. నేను గొంతు పోయేలా అరిచాను. చిన్నతల్లీ, అమ్మనే, ఎక్కడున్నావే, చిన్నతల్లీ! మా అత్త గుండెలు బాదుకుంటూ పిలిచింది. వాళ్ళ నాన్న పిలిచాడు. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు మొదలయ్యాయి గుసగుసలు. వీళ్ళొచ్చి గంట కాలేదు, పిల్ల మాయమైంది. ఎవరు ముందన్నారో తెలీదు, క్షణంలో అందరి నోటా అదే మాట. మా ఆయన ఎవరి మీదా చెయ్యి ఎత్తే మనిషి కాదు. అలాంటివాడు బడిలోకి దూసుకెళ్ళి, పేట పెద్ద అసిరయ్య గుండెల మీద చొక్కా పట్టుకున్నాడు. మూటలు విప్పించారు. వలలు దులిపించారు. అడుగున పిల్ల ఉంటుందేమోనని. సిగ్గుతో చచ్చిపోవాల్సిన పని. కాని నిజం చెప్తున్నాను, ఆ నిమిషాన నేనూ ఆ వలల అడుగున చూశాను.

"మా గుంట కనపడేదాకా ఈళ్ళెవులూ బళ్ళో ఉండడానికి నేదు. బయటికి నడండి," అన్నాడు మా ఆయన. ఇంకో నలుగురు చేయి కలిపారు. ఆ గాలిలోకి, ఆ వానలోకి ముసలీ ముతకనీ పసిపిల్లల్నీ తోసి గేటు మూసి గొళ్ళెం పెట్టారు. గేటవతల పేట జనం గోడకి వీపులానించి నిలబడ్డారు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. అదే నాకు మరీ భయమేసింది. ఇలాగే జరుగుతుందని వాళ్ళకి ముందే తెలిసినట్టు ఉంది.

దాలమ్మ గుంపులోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అంతకు ముందెప్పుడూ ఆవిడ నన్ను తాకలేదు.

"అమ్మా, మీరెంత పిలిసినా పలకదు. మీ గొంతు ఇన్నాది, ఇనే ఊరుకున్నాది. పలకొద్దని నానే సెప్పినాను కదేటి."

అప్పుడు తట్టింది నాకు. సముద్రం పొంగింది. గట్టు దాటి వచ్చేశారు. అమ్మ గొంతుతో పిలుస్తున్నారు. నేను ఎంత గట్టిగా పిలిస్తే నా బిడ్డ అంత గట్టిగా నోరు మూసుకుంటోంది. 

"మరేం చెయ్యమంటావే పాపిష్టిదానా!" అని దాని భుజాలు పట్టుకుని ఊపేశాను.

"పిలవకండి. ఎవులూ పిలవకండి. కత సెప్తాను. పిలిస్తే పలకదు గాని, కత ఇంటే ఊఁ కొట్టకుండా ఉండనేదు ఆ గుంట. దానికి తెలీకండానే వచ్చేస్తాది."

అందరూ నోళ్ళు మూశారు. దాలమ్మ మా వీధి మొదట్లో నిలబడి కొంగు నడుముకి చుట్టుకుంది. "ఏడు కెరటాల అవతల ఉప్పుదీవి..." అని మొదలెట్టింది. ఆగింది. చెవి రిక్కించింది. గాలి తప్ప ఏమీ లేదు. పక్క ఇంటి ముందుకెళ్ళింది. మళ్ళీ అదే. ఆగింది. ఏమీ లేదు. నా వైపు తిరిగింది.

"ఇన్న కతయిపోయింది కదమ్మా, బయపడి బిగుసుకుపోయినాది. ఇననిది సెప్పాల."

"చెప్పవే, ఏదో ఒకటి చెప్పవే," అన్నాను.

దాలమ్మ ఒకసారి వెనక్కి చూసింది. వెనక మా ఊరు. దాని వెనక, గొళ్ళెం పెట్టిన గేటు దగ్గర్నుంచి నడిచొచ్చిన పేటవాళ్ళు. రెండు గుంపులూ ఆవిడ నోటి వైపే చూస్తున్నాయి. ఆవిడ నడుముకి చుట్టిన కొంగు విప్పి మళ్ళీ బిగించింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. పేటలో ముప్ఫై ఏళ్ళుగా ఇసకలో కూర్చోబెట్టి పిల్లలకి చెప్పే కథ ఆవిడ ఇప్పుడు మా వీధిలో చెప్పబోతోంది.

"పొలుసోళ్ళకి గొంతులు నేవని సెప్పినాను కదర్రా. ముందు నుంచీ నేకపోనేదు. ఉండేవి. పాటలు పాడీవోరు. ఆళ్ళ పాట ఇని మట్టోళ్ళ పిల్లలు గట్టెక్కి కూకునీవోరు. గట్టురాజుకి కళ్ళు కుట్టినాయి. ఒక్కొక్క గొంతూ పట్టి కుండలో పెట్టి మూతేసి, మట్టితో మెత్తేసినాడు. ఏం?"

ఊఁ లేదు. ఇంకో గుమ్మం.

"సముద్రం పొంగింది. పొలుసోళ్ళ ఇళ్ళు ఇరిగిపోనాయి. పిల్లల్ని సంకనెట్టుకుని గట్టు కాడికొచ్చినారు. తలుపు తియ్యండి బాబూ అందారంటే గొంతు నేదు. ఏటి సేస్తారు? గాల్లో ఏ అమ్మ గొంతు దొరికితే ఆ గొంతుతో పిలిసినారు. ఎత్తుకుపోడానికి కాదర్రా, దాక్కోడానికి. గట్టురాజు ఏటి సేసినాడు? తలుపు మూసి గొల్లెం పెట్టినాడు. ఏం?"

నా వెనక ఎవరో ఊపిరి బిగబట్టడం వినిపించింది. గేటు గొళ్ళెం పెట్టిన చేతులు ఎవరివో అందరికీ తెలుసు. ఆ కథ మా వెధవ పనిని చూసి అప్పటికప్పుడు అల్లింది కాదు. అదే మమ్మల్ని కొయ్యబార్చేసింది. మేము ఇవాళ చేసిన పని, చెయ్యకముందే, ఏళ్ళ కిందటే వాళ్ళ పిల్లలకి తెలుసు. వాళ్ళ కథలో రాక్షసులం మేము. పిల్లల్ని పట్టి కుండలు చేసే రాక్షసులం. చేపల గంప దింపుకుని నల్లరాయి మీద కూర్చుని నవ్వే ఈ మనిషి, ఇంటికెళ్ళి మమ్మల్ని ఇలా చెబుతోందన్నమాట.

గుమ్మం గుమ్మం దగ్గరా దాలమ్మ మళ్ళీ మొదలెట్టింది, పిల్ల ఏ గుమ్మంలో ఉందో తెలీదు గనక. కుండలు, గొంతులు, తలుపు, గొళ్ళెం. ఆ వీధిలో విననివాడు లేకుండా పోయాడు. మా అత్త రెండు చెవులూ మూసుకుంది. వెనకనుంచి అసిరయ్య పక్కవాణ్ణి అడుగుతున్నాడు, "పిలిస్తే పలకొద్దని పిల్లకి సెప్పిందేటి? మరిక్కడ మనల్ని ఏటని సెప్పుకుంటన్నాది?" ఎవరో మా ఊరివాడే కోపం పట్టలేక చెప్పేశాడు, ఏమని చెప్పుకుంటోందో.

జగన్నాధం గారి పశువుల సాల ఊరి చివర. పాత పెంకుల కప్పు, సగం ఇప్పటికే లేచిపోయింది. దాని ముందు నిలబడింది దాలమ్మ. గొంతు బొంగురుపోయింది.

"ఆ కుండలన్నీ మట్టోళ్ళ ఇంటిలోనే ఉన్నాయి. ఒక మట్టి గుంట, నీ అంతది, సీకట్లో దాక్కున్నాది. దాని పక్కనే ఒక కుండున్నాది. లోన ఎవులో ఏడుస్తన్నట్టు ఇనపడింది. మూత మీద సెయ్యేసింది. తీస్తాదో తియ్యదో... ఏం?"

గాలి ఒక్క క్షణం ఆగింది.

"ఊఁ."

సాల లోపల, మూలనున్న ఖాళీ గాదెలోంచి వచ్చింది. మా ఆయన ఒక్క గెంతులో లోపలికి దూకి గాదె మూత ఎత్తాడు. ఒళ్ళంతా దుమ్ముతో, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది నా తల్లి. ఊఁ అన్నందుకు మూసుకుంది, ఆలస్యంగా. నేను ఎత్తుకుంటే కెవ్వున అరిచి నా చేతుల్లోంచి పెనుగులాడింది. నా మొహం గిల్లి చూసింది, పొలుసులున్నాయేమోనని.

"నువ్వు పిలిసినావమ్మా. ఇన్నాను," అంది తర్వాత, ఒళ్ళో కూర్చుని. "అచ్చం నీ గొంతే. అందుకే పలకనేదు."

మధ్యాహ్నానికి ఆ సాల కూలిపోయింది. గాదె మీద దూలం పడింది. ఆ దూలాన్ని చూసి వచ్చిన మా ఆయన రెండు రోజులు అన్నం తినలేదు.

బడి గేటు తీశారు. ఎవరు తీశారో నేను చూడలేదు. ఇళ్ళ మీద పెంకులు ఎగిరిపోవడంతో మేమూ అక్కడికే చేరాం. దిబ్బలపేటా గెడ్డవలసా ఒకే కప్పు కింద, ఒకే గదిలో, తుఫాను దాటేదాకా. ఒక్కరు ఒక్కరితో మాట్లాడలేదు. అందరూ ఒకరినొకరు దొంగచాటుగా చూసుకుంటున్నారు. దాలమ్మ మధ్యలో ఒక్కతే కూర్చుంది. ఆవిడకి ఇటు చోటు లేదు, అటు చోటు లేదు. అసిరయ్య ఒకే ఒక్కసారి నోరు విప్పాడు.

"మమ్మల్ని రాచ్చసుల్ని సేసి గింజలు తెచ్చినావేటే దాలమ్మా? ఆ గింజలే మా పిల్లలకి వండి పెట్టినావేటి?"

ఆవిడ జవాబు చెప్పేలోపే నేను మాట్లాడాను. నా బిడ్డని బతికించింది ఆవిడే, నా బిడ్డని గాదెలోకి తోసిందీ ఆవిడే. కాళ్ళు పట్టుకోవాలో జుట్టు పట్టుకోవాలో తెలియని కోపం నాది.

"అక్కడొక కథా ఇక్కడొక కథా! నీకు రెండు నాలికలా?"

దాలమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో సిగ్గూ లేదు, భయమూ లేదు. అలసిపోయి ఉంది, అంతే.

"కతొకటేనమ్మా. కతకి రాచ్చసుడు కావాల. ఇన్నోడినే రాచ్చసుడు సేస్తే ఊఁ ఎవులు కొడతారు?"

నేను చిన్నతల్లిని ఎత్తుకుని గోడవారకి జరిగాను. 

తర్వాత చాలా నెలలు దాలమ్మ మా ఊరు రాలేదు. వచ్చినా ఎవరూ తలుపు తియ్యరని ఆవిడకి తెలుసు. పేటలోనూ ఆవిడ ఇసకలో కూర్చుంటే పిల్లల్ని తల్లులు లాక్కుపోతున్నారని తెలిసింది. మా అత్త వేరే ఊరి మనిషి దగ్గర చేపలు కొంది, రుచి లేవని తిట్టుకుంది. చిన్నతల్లి ఊఁ కొట్టడం మానేసింది. పక్కలో కథ చెప్తే కళ్ళు తెరుచుకుని పడుకునేది, నా మొహం చూస్తూ.

ఎండాకాలం ముందర ఒకరోజు వీధిలో "నెత్తళ్ళమ్మా, ఎండురొయ్యలు!" అన్న కేక వినిపించింది. మా అత్త గడప దాటి వెళ్ళిపోయింది, కోపం ఎక్కడికి పోయిందో. దాలమ్మ సగానికి సగం చిక్కిపోయింది. నల్లరాయి మీద కూర్చోబోతే మా అత్త, "పైకిరా, అరుగు మీద కూకో. మా పిల్లని దక్కించినావు," అంది. నేను చెవుల్ని నమ్మలేకపోయాను. ఇంటి గ్లాసులో మజ్జిగ ఇప్పించింది. దాలమ్మ ఆ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు తాగింది. నాకు కళ్ళు చెమర్చాయి. దాయడమెందుకు, ఆనందంతోనే.

పిల్లలు ఒక్కొక్కరే చేరారు. కథ చెప్పమన్నారు. దాలమ్మ కాసేపు ఆలోచించి మొదలెట్టింది. మళ్ళీ ఉప్పుదీవి. మళ్ళీ గట్టు. కాని ఈసారి గట్టురాజూ నాచురాణీ అన్నాచెల్లెళ్ళు. కుండల్లో గొంతులు పెట్టింది గట్టురాజు కాదట. పిల్లల్ని ఎత్తుకుపోయింది నాచురాణీ కాదట. అన్నీ చేసింది కొండ మీది రాతోళ్ళు. వాళ్ళ గుండె రాయి, వాళ్ళ వీపుల మీద చీపుళ్ళ కట్టలు. పిల్లలు ఆడుకోడానికి బయటికెళ్ళగానే వెనకనుంచి వచ్చి ఆ చీపురుతో అడుగుల గుర్తులు ఊడ్చేస్తారు. ఇంటికి దారి తెలీక పిల్లలు కొండెక్కిపోతారు. మట్టోళ్ళూ పొలుసోళ్ళూ కలిసి గట్టు తెగ్గొట్టి, ఆ మట్టితో కొండ దారి మూసేశారు.

"ఏం?" అంది దాలమ్మ.

"ఊఁ!" అన్నారు పిల్లలు. మా అత్త అంది. చిన్నతల్లి అంది, ఎన్ని నెలల తర్వాతో. అది ఊఁ అన్నదన్న సంతోషంలో వంటింట్లోంచి నేను కూడా అన్నాను. పేటలో కూడా ఇదే కథ చెబుతోందట, అక్కడా పిల్లలు మళ్ళీ చేరుతున్నారట. ఇన్నాళ్ళకి రెండు ఊళ్ళకీ ఒకే కథ దొరికిందని నాకెంతో హాయిగా అనిపించింది.

అప్పుడే వీధి మలుపులో ఆ మనిషి కనిపించింది. ఏటా ఆ రోజుల్లో కొండ మీంచి దిగి, వీపు మీద కొండచీపుళ్ళ కట్టతో ఇంటింటికీ తిరిగే ఆడమనిషి. మా ఇల్లంతా ఆవిడ తెచ్చిన చీపుళ్ళతోనే ఊడుస్తాం. పేరు నాకు తెలీదు, ఎప్పుడూ అడగలేదు. మా అరుగు ముందుకొచ్చి కట్ట దింపి, చెమట తుడుచుకుని నవ్వింది.

పిల్లలు కెవ్వుమన్నారు. ఒక్కరు మిగల్లేదు అరుగు మీద. నా కూతురు లోపలికి పరిగెత్తి ధడేలున తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. ఆ మనిషి బిత్తరపోయి వెనక్కి తిరిగి చూసుకుంది, తన వెనక కుక్కో పామో ఉందేమోనని. ఏమీ లేదు. మా మొహాల్లోకి చూసింది. తర్వాత మెల్లగా, వచ్చీ రాని మా మాటల్లో, నీళ్ళు కావాలంది.

 దాలమ్మ వైపు చూశాను. ఇప్పుడైనా ఏదో అంటుందని, అనకపోతే చెంప పగలగొట్టాలని. దాలమ్మ మొహం పాలిపోయింది. ఆ చీపుళ్ళ కట్టని చూస్తోంది.

"నీళ్ళు పోయి దాలమ్మా, నువ్వు దగ్గిరున్నావు," అంది మా అత్త, కాళ్ళు ముడుచుకుంటూ. "ఆ గూట్లో గలాసుంది సూడు."

దాలమ్మ లేచింది. గూటి ముందు ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెయ్యి పెట్టి సొట్ట గ్లాసు తీసి, అరుగు అంచున పెట్టి, తీసుకోమని సైగ చేసింది. ఆ మనిషి తీసుకుంది. దాలమ్మ అరుగు మీద నిలబడి చెంబు ఎత్తి, గ్లాసుకి చెంబు తగలకుండా, పైనుంచి నీళ్ళు పోసింది. ధార ఒక్క చుక్క పక్కకి పడలేదు. ఎన్నేళ్ళో కిందనుంచి చూసి నేర్చుకున్న చెయ్యి.

 ఆ మనిషి నీళ్ళు గుటకేసే చప్పుడు అరుగు మీదికి వినిపించింది.

"ఊఁ," అంది నా కూతురు, మూసిన తలుపు వెనక నుంచి. "తర్వాతేటయ్యింది, దాలమ్మా?"